గేటు దాకా వినపడే తిట్టు

విస్కాన్సిన్ పల్లెలో సాయంకాలం పాలు పితికే వేళ. హైస్కూలు చదువు ముగించిన కూతురికి శనివారం వాళ్ల గడ్డికొట్టంలోనే విందు.

“విన్నావా తల్లీ? ఇరవయ్యొకటి నిండని పిల్లలు ఎవరింట్లో తాగితే ఆ ఇంటాయనకే జరిమానాట. టౌన్ బోర్డు కొత్త చట్టం!”

“విన్నాను నాన్నా.”

“మా రోజుల్లో, తాగి ఎవరూ బండి నడపకుండా మా నాన్న అందరి కారు తాళాలూ టోపీలో వేయించుకుని మరీ బీరు పీపా తెరిచేవాడు. ఎవరికేమైంది?”

“తాళాలు టోపీలోనే ఉన్నాయి. చిన్నాన్న కాళ్లు ఆయన దగ్గరే ఉన్నాయిగా! తాగి మంచులో నడిచెళ్లి, చలికి గడ్డకట్టి రెండు కాలివేళ్లు పోగొట్టుకున్నాడు.”

తండ్రి పొదుగు తుడవడం ఆపాడు.

“అయితే నీకు బీరు వద్దా?”

“వద్దు. కానీ ఆ మాట నేనంటే నా స్నేహితులు ఏడిపిస్తారు. మా నాన్న జరిమానాకి జడిశాడంటే నోరు మూసుకుంటారు.”

“అంటే పిరికివాణ్ణి నేనా?”

“ఒక్క శనివారానికే!”

ఎన్నాళ్ల నుంచి ఈ మాట కడుపులో పెట్టుకుందో అనుకున్నాడు తండ్రి.

“సరే. వాళ్లు దిగేసరికి బోర్డు వాళ్లని తిడుతూ ఉంటాను. ఎంత గట్టిగా?”

“గేటు దాకా వినపడాలి.”

ఆయన గొంతు సవరించుకుని ఒక తిట్టు వదిలాడు. ఆవులన్నీ తలలెత్తాయి.

“నవ్వకుండా తిట్టు నాన్నా!”