ఆరో నంది

"తాతా, రేపు నవనందుల ట్రిప్పు నాకే ఇచ్చినారు. పొద్దు మునిగేలోపల తొమ్మిదీ అయితాయా? ఒగటి మిగిలిపోతే ఏం జేసేది?"

ఏం జేసేదా... కూసో నాయనా, చెప్తా. ఫోన్లో రికార్డు జేసుకుంటే జేసుకో, నాకేం.

ఇప్పుడంటే మీకు ఏసీ కార్లు. నేను జీపులో పద్నాలుగు మందిని కుక్కుతాంటి. నంద్యాల బస్టాండు కాడ టీ రూపాయి. కాదుకాదు, ముప్పావలా. మీ అవ్వ రూపాయంటాది, అదేందో ఆడ దినామూ తాగినట్టు!

మనం పీర్లకు మొక్కేటోళ్ళమే గానీ నవనందుల కతలన్నీ నాకు నోటికొచ్చు. "దస్తగిరి చెప్తే రాతినంది లేచి నిలబడ్తాది" అని పూజార్లే నవ్వుతాండ్రి. ఆ పొగరుండె నాకు. కార్తీకంలో పొద్దు పొడిసి మునిగేలోపల తొమ్మిది నంది గుళ్ళూ చూడల్ల గదా, ఒగటి తప్పినా మొక్కు చెల్లదంటారు. నా జీపెక్కితే తప్పదని పేరు.

ఒగ సోమారం లచ్చుమమ్మ అని ఒగామె ఎక్కె. ఆళ్ళగడ్డ. ఒంటిగా వచ్చింది. మొగుడు మంచాన పడి మూన్నెల్లు, ఆయప్ప లేస్తే చాలని మొక్కుకున్యాది. ఉపాసం. మంచినీళ్ళు గూడ ముట్టలే.

ఊర్లో మూడు నందులూ చూపిస్తి, సూర్యనంది అయిపాయె, శివనంది అయిపాయె. ఆరోది కృష్ణనంది. ముందురోజు వానకు దోవ తెగి వాగు పారతాంది. జీపు పోదు. సుట్టూ తిరిగి పోతే పొద్దు మునుగుతాది. దోవ ల్యాదమ్మా అని ఒగ్గ మాట చెప్తే అయిపోయేది. చెప్పలేదు నాయనా. నా పేరు పోతాదని.

పక్కనే చెట్లల్లో కూలిపోయిన పాత మంటపం ఒగటి ఉండె. దాంట్లో కొమ్మిరిగిన నంది. ఏ రాజులు కట్టిందో, దీపం పెట్టే దిక్కు గూడ ల్యాదు. "దిగండి, ఇదే కృష్ణనంది" అంటి.

"పూజారి ల్యాడేందన్నా?" అనె లచ్చుమమ్మ.

"అన్నానికి పోయింటాడు తల్లీ" అంటి.

జీపులో అందరూ నమ్మిరి. ఆమె ఆ నంది చెవిలో నోరు పెట్టి మొగుని పేరు చెప్పుకునె. శానాసేపు చెప్పుకునె. లేస్తానే కండ్లు తిరిగి పడబాయె. నేనే అరటిపండు ఒలిచి చేతిలో పెడ్తి. ఒద్దన్నా అనె. దేవుడేమనుకోడులే తిను అని బలవంతం జేస్తి. సగం తినె.

పొద్దు మునిగేలోపల మహానందిలో మిగిలిన మూడూ అయిపాయె. పోతా పోతా నాకు దండం పెట్టె. నాకు!

మళ్ళ ఏడాది కార్తీకానికి నన్ను ఎతుక్కోని వచ్చె. మొగానికి బొట్టు ల్యాదు. నన్ను ఒగ్గ మాట అనలే. "ఆ పండు తినకుండా ఉండాల్సింది దస్తగిరన్నా. నా కడుపాకలి ఆయన్ని మింగె. ఆయన పేరు మీద మళ్ళ తొమ్మిదీ చూపియ్యి. ఈసారి నోట్లో ఏమీ ఏసుకోను" అనె.

పండు కాదమ్మా, నేను చూపిచ్చింది కృష్ణనందే కాదు అని చెప్పేదానికి నోరు తెరిస్తి. తోల్కపోతే అసలుదాన్ని చూస్తాది గదా, తెలిసిపోతాది. "జీపు చెడిపోయింది తల్లీ" అంటి. పక్కనే ఇంజను తిరుగుతాండె. ఆమె జీపు దిక్కు చూసె, నా దిక్కు చూసె, ఆళ్ళగడ్డ బస్సెక్కె.

శానా ఏండ్లకు ధైర్యం చేసి ఆ ఇల్లు ఎతుక్కోని పోతి. ఆమె పోయి అప్పటికి రెండేండ్లంట. "చచ్చిపోయేదంకా అరటిపండు ముట్టలేదు మాయమ్మ. ఎందుకో చెప్పలే" అన్యాడు కొడుకు. ఆయప్పకు గూడ చెప్పలేకపోతి. ఇచ్చిన కాఫీ తాగి వచ్చేస్తి.

ఆ మొగుడు బతికేటోడు కాదులే, అది నాకూ తెల్సు. అది కాదు నా ఏడుపు. నేను చేసిందాన్ని ఆమె తన నెత్తినేసుకోని పాయె. నేను చూస్తా ఊరికుంటి.

నువ్వు దోవ తెగితే తెగిందని చెప్పు నాయనా. తిడ్తే పడు. ఉపాసమున్నోళ్ళు ఎవురైనా కండ్లు తిరిగి పడితే పండు ఒలిచియ్యి. తిన్నందుకు ఏం గాదమ్మా అని మళ్ళ మళ్ళ చెప్పు, వాళ్ళు నమ్మేదంకా చెప్పు. సల్లంగుండు, పో. రేపు బేగా లేయల్ల.

కార్లో ఒగ గెల పెట్నా. మర్సిపోవాకు.