బావి అందుకున్న పాట

జోడుతాళ్ళ బావి దగ్గరికి ఎవరూ ఎళ్ళరు, మీకు తెలుసు కదా. మెట్ట మీద జీడితోటలు దాటేక, తలలు రాలిపోయిన తాటిమానులు రెండు నిలబడి ఉంటాయి చూడండి, ఆ రెంటి మధ్యా ఉంది, పాత మోటబావి. మేక అటు పోయిందనుకోండి, కాపరి ఇటునించే నోరు పోయేలా పిలుస్తాడు గాని అటు ఒక్క అడుగెయ్యడు, ఒస్తే ఒచ్చింది, రాకపోతే నూకాలమ్మ తల్లికి ఇచ్చుకున్నాననుకుంటాడు. జీడిపిక్కలు ఏరేవాళ్ళు కూడా ఆ చివరి వరస చెట్లు ఒదిలేస్తారు. ఎందుకే మామ్మా అంటారు మీరు. ఎందుకంటే చెప్తాను గాని, ఇదిగో, ముందే చెప్తున్నాను, ఈ కథకి ఎవరూ ఊఁ కొట్టకూడదు. మిగతా కథలకి కొట్టండి, దీనికి మాత్రం నోళ్ళు మూసుకుని వినండి. ఎందుకో మీకే తెలుస్తుంది. ఏవమ్మా, ఆ చంటాణ్ణి ఇలా గోడ వైపుకి లాక్కుని కూచో, కరెంటు ఎప్పుడొస్తుందో ఏవిటో.

సోమన్నని మీరెరగరు. మీ తాతలెరుగుదురు, వాళ్ళ పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించింది ఆయనే. పొద్దున్న గెడ్డాలు గీసేవాడు, పెళ్ళిళ్ళ రోజులొస్తే సన్నాయి పట్టేవాడు, అప్పగింతలప్పుడు ఆయన వాయిస్తే మగపెళ్ళివారు కూడా కళ్ళొత్తుకునేవారు. మా పెళ్ళిలో మా ఆయనే ఏడ్చేడు, ఎందుకేడ్చేవయ్యా అంటే జీడిపిక్కలు కాల్చిన పొగ కళ్ళలో పడిందన్నాడు, మాఘమాసంలో జీడిపిక్కలెక్కడివి, కాల్చిందెవరు? సరే, ఆయన సంగతి ఒదిలెయ్యండి, పోయినవాళ్ళని ఏడిపించకూడదు.

ఆ సోమన్నకి ఒక్కతే కూతురు, సూరమ్మ, నాతోపాటే తోటల్లో పిక్కలేరడానికి ఒచ్చేది. దాని మొగుడు ఇటుకబట్టీ పనికని ఎళ్ళి పండక్కో పబ్బానికో కనిపించేవాడు. దానికో పిల్ల, నూకరత్నం, ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆ పిల్ల పాట కోసం పుట్టిందంటే నమ్మండి. తాత సన్నాయి వాయిస్తుంటే ఎళ్ళి ఆయన పొట్టకి చెవి ఆనించి కూచునేది, లోపల ఊపిరెలా తిరుగుతోందో వినేది కామోసు. ఆయన ఆపితే ఏడుపు, మొదలెడితే నవ్వు. ఆ ముసలాడికి పిల్లంటే ప్రాణం, పాటంటే ప్రాణం, రెండూ ఒక్కచోటే దొరికేసరికి ఇంక ఆయన కాలు నేల మీద నిలవలేదు. దీనికి నా విద్యంతా ఇచ్చేస్తానన్నాడు. వాళ్ళ కులపోళ్ళు నవ్వేరు, ఆడపిల్లకి సన్నాయేవిటోయ్, రేపు ఊరేగింపులో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడుస్తుందా అన్నారు. అంటే ఆయనకి రోషమొచ్చి, ఎవరూ నవ్వని చోటు చూసుకుంటానని పిల్లని చంకనేసుకుని జోడుతాళ్ళ బావి దగ్గరికి ఎళ్ళడం మొదలెట్టేడు. బావిలో ఏదో ఉందని అప్పటికే అక్కడికెవరూ ఎళ్ళేవారు కాదు మరి. చూసేరా, దెయ్యానికి భయపడని మనిషి నలుగురి నవ్వుకి భయపడ్డాడు.

పైగా ఆ బావి గొంతుకి మంచిదనేవాడు. బావిలోకి ఒంగి పాడితే మన గొంతు మనకే తిరిగొస్తుందట, తప్పు పోతే మనకే తెలిసిపోతుందట. అదీ నిజమే. కాని ఎళ్ళేదెప్పుడు? గెడ్డాల పని అయ్యేక, మిట్టమజ్జాన్నం. మన నీడ మన కాళ్ళ కిందికొచ్చే వేళ బావి దగ్గర ఏం పనండీ మనిషికి?

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. సన్నాయి నేర్పేటప్పుడు ముందే చేతికివ్వరు. ముందు నోటిపాఠం. గురువు పాటలో సగం పాడి ఆపుతాడు, ఆపి, అందుకో అంటాడు, శిష్యుడు మిగతా సగం పాడాల. పేరు పెట్టి పిలవరు. మేళంలో కూచున్నాక తండ్రి లేడు, కొడుకు లేడు, పేర్లు లేవు, అందుకో అంటే ఎవడి ఒంతో వాడు అందుకోవడమే. అది వాళ్ళకి తాతల నాటి పద్ధతి. ఇంట్లో అయితే ఏ గొడవా లేదు. కాని బావి దగ్గర, మిట్టమజ్జాన్నం పూట, పేరు లేకుండా పిలవొచ్చా? పిలిస్తే పలికేది ఎవరు?

ఆయన సగం పాడేడు. అందుకో అన్నాడు. పిల్ల ఊపిరి తీసుకునే లోపల బావి అందుకుంది.

తిరిగొచ్చిన గొంతు కాదు సుమండీ. తిరిగొస్తే ఆయన పాడిన సగమే రావాల కదా, ఇది ఆయన పాడని సగం పాడింది. అచ్చం పిల్ల గొంతుతో. సోమన్న కళ్ళు మూసుకుని పాడే రకం, మనవరాలే పాడిందనుకుని, శెబాసు నా తల్లీ అని మురిసిపోయేడు. రోజూ అంతే. పిల్ల చెప్పనే చెప్పింది, తాతా, లోపల అక్క ముందే పాడేస్తోంది, నాకు ఇవ్వట్లేదు అని. చిన్నపిల్ల ఏదో ఆట ఆడుతోందనుకుని ఆయన నవ్వేడు. మనం మాత్రం చిన్నపిల్లల మాటలు వింటామా ఏవిటి?

తరవాత ఓ సాయంత్రం గొప్పగా కూతుర్ని పిలిచి, నీ కూతురి పాట విను అని పిల్లని నిలబెట్టేడు. పిల్ల నోరు తెరిచింది, గాలొచ్చింది, పాట రాలేదు. సిగ్గనుకున్నారు. ఇంకో పాట అడిగేరు, అదీ రాలేదు. బావి దగ్గర ఏ పాట నేర్పితే ఆ పాట పిల్ల దగ్గర లేదు. పాటలయ్యేక మాటలు మొదలయ్యేయి. ఇవాళ అమ్మా అనడం పోయింది, రేపు అన్నం అనడం పోయింది, పిల్ల దాహమేస్తే కుండ వైపు చూపించడమే. సూరమ్మ బస్సెక్కించి టవును ఆసుపత్రికి తీసుకెళ్ళింది, డాక్టరు గొంతులోకి లైటేసి చూసి, గొంతు లక్షణంగా ఉందమ్మా అని సిరప్పు రాసిచ్చేడు. సిరప్పుతో ఒచ్చే గొంతయితేగా!

అక్కణ్ణించి పిల్ల ఇంట్లో నిలవలేదు. ఎటు తిప్పి కూచోపెట్టినా మొహం మెట్ట వైపే. ఇంక ఆ రోజు నేనూ సూరమ్మా పిక్కలేరుతున్నాం, ఎండ నెత్తి మీదుంది, చివరి వరస చెట్ల అవతలనించి పిల్ల పాట వినబడింది. నూకరత్నం గొంతే. సూరమ్మ తట్ట పారేసి, నా కూతురికి గొంతొచ్చిందే ఒదినా అని ఏడుస్తూ నవ్వుతూ పరిగెత్తింది. దాని ఎనకాల నేను. అది బావి అని నాకు గుర్తుంది గాని, దాన్ని ఒక్కదాన్నీ ఎలా పంపను?

ఎళ్ళేసరికి పిల్ల బావి గట్టు మీద కాళ్ళు లోపలికి వేలాడేసి కూచునుంది. పాట ఒస్తోంది, తియ్యగా, గమకాలతో సహా. సూరమ్మ దగ్గరికెళ్ళి పిల్ల మొహం చూసి ఆగిపోయింది. నేనూ చూసేను. పిల్ల నోరు మూసుకునే ఉంది. పాట కిందనించొస్తోంది.

పిల్లని రెక్క పట్టి లాగితే రాదే! ఆ ఒంటికి అంత బరువెక్కడిది? కిందనించి ఎవరో పాదాలు పట్టుకున్నట్టే ఉంది. ఇద్దరం కలిసి లాగితే ఊడొచ్చింది, లాక్కొస్తున్నంతసేపూ ఎనకనించి పిల్ల గొంతుతో నవ్వు.

ఇంటికొచ్చి సోమన్నకి అంతా చెప్పేం. తను ఏం చేసేడో ఆయనకి అప్పుడు తెలిసింది. మా అత్త అక్కడే ఉంది, ముసలిది, దానికన్నీ తెలుసు. పేరు లేకుండా పిలిచేవు, పలికింది నీ శిష్యురాలైపోయింది, పిలిచినోడివి నువ్వే ఎళ్ళి తేల్చుకోవాల, లేకపోతే ఈ పిల్ల ఊపిరి కూడా దానికే పోతుంది అంది. అయితే అందులో ఉన్నదెవరూ అని నన్నడక్కండి. మునిగిన ఆడదంటారు కొందరు, బావి తవ్వినప్పుడు బయటపడ్డదేదో అంటారు కొందరు. దానికి పాటంటే ఆకలి, అంతే నాకు తెలుసు.

మర్నాడు సోమన్న తలస్నానం చేసి, సన్నాయి తీసుకుని ముందు నడిచేడు, పిల్లనెత్తుకుని సూరమ్మ, దాని కొంగు పట్టుకుని నేను. ఆయన సుతిపెట్టె తేలేదు. సుతి అంటే తెలుసా? సన్నాయి పాడుతున్నంతసేపూ ఎనకాల ఊఁ అని ఒకటే మోత ఉంటుంది చూడండి, అది. మేళంలో ఓ కట్టుబాటుంది, సుతి లేచేకే సన్నాయి లేవాల, సుతి ఆగేకే సన్నాయి దిగాల. సుతి మోగుతుండగా సన్నాయి దించినవాడు మళ్ళీ మేళంలో కూచోడానికి పనికిరాడు. సోమన్న దాన్ని ఎప్పుడూ తప్పలేదు.

గట్టు మీద కూచుని, సన్నాయి పీక నోట్లో తడుపుకుని, బావిలోకి చూసి మెల్లిగా మాట్లాడేడు. తల్లీ, నిన్ను పిలిచింది నేను, అది నా తప్పు, పిల్లది కాదు. దానికొచ్చినవి నాలుగు పాటలు. నాకొచ్చినవి మా తాతల కాలం నాటివి. దాన్నొదిలెయ్, నన్ను పెట్టుకో. నేను వాయిస్తాను, నువ్వు సుతి పట్టు అన్నాడు.

అప్పుడు బావి లోపల్నించి ఊఁ అని లేచింది. అమ్మా అని అరిచింది నూకరత్నం, సొంత గొంతుతో.

ఎవరూ ఊఁ కొట్టొద్దని ఎందుకన్నానో తెలిసిందా ఇప్పుడు?

మనిషి పట్టిన సుతికి ఎక్కడో అక్కడ ఊపిరి తడబడుతుంది. దీనికి తడబాటు లేదు. చచ్చినదానికి ఊపిరెందుకు? అది ఆపదు, ఈయన దించడు, ఇంక లెక్క మీరే చూసుకోండి. సోమన్నకి ఆ సంగతి తెలిసే కూచున్నాడు.

వాయించడం మొదలెట్టేడు. అంత భయంలోనూ నా కాళ్ళు కదల్లేదంటే అది ఆ పాట మహిమే. సగం వాయించేక, ఏళ్ళ అలవాటు కదా, మనవరాలికి చోటొదిలి ఆగేడు. పిల్ల మొహం ఎలిగిపోయింది, ఊపిరి తీసుకుని నోరు తెరిచింది. సూరమ్మ దాని నోరు నొక్కేసింది. పిల్ల చెయ్యి కొరికింది, రక్తమొచ్చింది, అయినా సూరమ్మ తియ్యలేదు. పిల్ల అందుకుందా, దాని గొంతు మళ్ళీ బావికే! సోమన్న అది చూసేడు. ఎళ్ళిపొండి అని చెప్పడానికి నోరు ఖాళీ లేదు, చేతులు ఖాళీ లేవు. కళ్ళతోనే చెప్పేడు.

ఆ తరవాత ఆయన ఆగలేదు. ఎక్కడా చోటొదల్లేదు. మేం పిల్లని ఈడ్చుకుంటూ జీడితోటంతా దాటుతున్నాం, పిల్ల గింజుకుంటూనే ఉంది, ఎక్కడ సందు దొరికితే అక్కడ అందుకుందామని చెవులు రిక్కించే ఉంది, ఆ ముసలాడు సందు ఇవ్వలేదు. ఊపిరి తీసుకుంటే సందవుతుందని ఊపిరే తీసుకోలేదు కామోసు. పాట వినబడనంత దూరం మేం ఒచ్చేసేం. తరవాత ఎంతసేపు వాయించేడో మాకు తెలీదు.

పొద్దు వాలేక మగాళ్ళు బల్లేలూ కర్రలూ పట్టుకుని ఎళ్ళేరు. గట్టు మీద కూచునే ఉన్నాడట, సన్నాయి నోట్లోనే ఉందట, పెదాలు చిట్లిపోయి ఉన్నాయట. ప్రాణం లేదు. వేళ్ళు విడదియ్యడం వాళ్ళ వల్ల కాలేదు, సన్నాయితోనే దహనం చేసేరు. ఒచ్చినవాళ్ళలో ఒకడు చెప్పేడు, మేం ఆయన్ని మోసుకొస్తున్నా బావిలో సుతి ఆగలేదమ్మా అని.

నూకరత్నానికి పెళ్ళయింది, పిల్లలున్నారు, మాటలయితే ఓ పట్టాన ఆపదు. పాట మాత్రం పాడదు. మొన్న నూకాలమ్మ తీర్థానికొచ్చి నా దగ్గర కూచుని ఏమందో తెలుసా? తాతకి ఆ రోజు నా మీద కోపమొచ్చింది అత్తా, అంత బాగా వాయించేడు, నాకు ఒక్క ముక్కకి కూడా చోటివ్వలేదు, ఇప్పటికీ ఏడుపొస్తుంది అంది. కోపం కాదే పిచ్చిదానా, అని నోటిదాకా ఒచ్చింది. మింగేసేను. వాళ్ళమ్మ కూడా చచ్చేదాకా చెప్పలేదు. చెప్తే అది ఊరుకుంటుందా? తాతకి దణ్ణం పెట్టుకుంటానని నేరుగా ఆ గట్టు దగ్గరికే ఎళ్తుంది. ఎళ్తే సుతి వినబడుతుంది, వినబడితే అది అందుకుంటుంది. కోపమొచ్చిందనే అనుకోనీ. బతికుంటుంది.

అదీ సంగతి. కాబట్టి అటు ఎళ్ళొద్దు. ఈలలేసేవాళ్ళు అసలే ఎళ్ళొద్దు, జేబులో ఫోనెట్టుకుని పాటలు పాడించుకునేవాళ్ళకీ ఇదే మాట. లేదు, నేను మగాణ్ణి, ఎళ్తానంటారా, ఎళ్ళండి నాయనా, ఇంట్లో చెప్పి మరీ ఎళ్ళండి, ఒంటకి బియ్యం తక్కువ పోసుకుంటారు.