స్లైడు మీద రెండో ముక్క

రొమ్ములో గడ్డ తీయించుకున్న అక్క, మాత్రల అట్ట పట్టుకుని ల్యాబ్‌కి వచ్చింది. ఆ గడ్డను పరీక్షించింది అక్కడ పనిచేసే చెల్లెలే.

"హార్మోను ఆపే మాత్ర నాకెందుకే? ముట్లాగి ఏళ్లయింది."

"కొవ్వులో ఓ ఎంజైము ఆ హార్మోన్ని ఇంకా తయారుచేస్తూనే ఉందక్కా. గడ్డ కణాల్లోని రిసెప్టర్లు దాన్ని పట్టుకుంటే గడ్డ పెరుగుతుంది. మాత్ర ఆ ఎంజైము ఆట కట్టిస్తుంది. రిసెప్టర్లుంటే ఇదిగో, ఈ స్లైడు మీద చూడు, ఇలా రంగు పడుతుంది."

"కొవ్వుకి నాకేం కొదవలేదులే. రెండు ముక్కలున్నాయేం?"

"ఒకటి నీది. రెండోది రంగు పడుతుందని ముందే తెలిసిన పాత గడ్డది. పోల్చుకోడానికి."

"ఎవరిది?"

"అమ్మది."

"మరి అమ్మకీ మాత్ర ఇవ్వలేదేం?"

"అమ్మ పోయేనాటికి ఇక్కడీ పరీక్ష లేదు. దాచిన ముక్కకి నేనొచ్చాకే రంగేశాను."

అక్క అట్ట చింపింది.

"నీళ్లిలా తే."