మొండికేసిన గడ్డి మిషన్

"అమ్మమ్మా, నీ పెండ్లి హాల్ల గాకుండ మామిడితోటల ఎందుకు చేసిండ్రు?"

ఎందుకంటవా? మా నాయనమ్మ కోసం బిడ్డా. కూసో, చెప్త. గా ఫోన్ పక్కకు పెట్టు ముందు... ఆఁ, రికార్డా? సరే ఉండనియ్యి. నేనేమన్న ఎక్కువ తక్కువ మాట్లాడితే తీసెయ్యాలె మరి.

మా ఊరు తెల్సు గద, ఇల్లందు దాటినంక అడివి అంచుకు ఉంటది. ఇంటెనకనే తోట. నాయనమ్మ అప్పటికి మంచంల ఉన్నది. కోడిపిల్లల ఎంట ఉరికి జారిపడ్డది, ఆ వయసుల! తుంటి ఎముక ఇరిగింది. ఖమ్మం దవాఖానల చూపిస్తే డాక్టరు, ఇగ ఈమెను బస్సెక్కియ్యొద్దు, జీపెక్కియ్యొద్దు, కుదుపు తగలొద్దన్నడు. ఆ రోడ్డేమో, అబ్బో, జీపుల పెరుగు కుండ పెడితే దిగేసరికి ఎన్న తేలేది. నన్ను పెంచింది ఆమెనే. అమ్మ పొలం పోతే నా జుట్టు దువ్వింది, నాకు ముద్దలు పెట్టింది ఆమెనే. ఆమె చూడని పెండ్లి నాకెందుకు? గట్లనే అన్న మా నాయినతోని, మొకం మీదనే.

మగపెండ్లోళ్లది ఖమ్మం, ఖానాపురం హవేలి. మా మామకు, అంటే మీ తాత వాళ్ల నాయినకు, సర్కారు నౌకరి. ఇస్త్రీ మడత నలగొద్దు ఆయనకు. పెండ్లికి ముందు తోట చూడొచ్చిండు. దీపావళి అయిపోయింది, వానలకు పెరిగిన గడ్డి నడుము దాక ఉన్నది. "బావగారూ, ఇందుల పాములుంటయి. మా చుట్టాలు గీ గడ్డిల కూసుంటరా? మళ్ల ఆదివారం వస్త. గడ్డి పోతే ఇక్కడనే చేద్దాం, లేకుంటే ఖమ్మంల హాలు కిరాయికి మాట్లాడుత" అన్నడు. ఆయన అన్నదాంట్ల తప్పు లేదు గని, నా బాధ నాకున్నది. ఖమ్మంల అయితే నాయనమ్మ రాలేదు గద.

కొడవండ్లతోని కోయిద్దామంటే కూలోళ్లంత వరికోతలకు, పత్తి ఏరుడుకు పోయిండ్రు. కాళ్లు పట్టుకున్నా దొరకరు. మా నాయినకు మాత్రం మస్తు ధీమా. ఎందుకంటే ట్రాక్టర్ ఎనక తగిలించి గుంజే గడ్డి మిషన్ ఉండె మాకు. పైన పెద్ద ఇనుప మూత ఉంటది, దాని కింద కత్తులు ఫ్యాన్ రెక్కల్లెక్క గిరగిర తిరుగుతయి. చుట్టుపక్కల ఊర్లల్ల ఎవ్వరికి లేదు. ఎవరొచ్చినా నాయిన దాన్ని చూపిచ్చి మురిసేటోడు. నన్ను గూడ గంత మురిసి చూపియ్యలే మగపెండ్లోళ్లకు!

తెల్లారి సాంబయ్య ట్రాక్టర్ తీసిండు. సాంబయ్యంటే మా డ్రైవర్, మీసమే సగం మనిషి. వాళ్ల చిన్నాయిన బిడ్డనే గద పర్ణశాలల ఇచ్చిండ్రు, ఆమె పెండ్లికి మేమంత ట్రాక్టర్ల పోతే గోదారి కాడ... అయ్యో, ఏడికో పోతున్న. ఆఁ, మిషన్. బర్రుమని పోయింది. మేమంత గట్టు మీద నిలబడ్డం. మిషన్ కింద గడ్డి పండుకున్నది. అది అటు పోంగనే మెల్లగ లేచి నిలబడ్డది! నిజం బిడ్డా, నవ్వకు. ఏడనో నాలుగు పోచలు తెగినయి, మిగిలిందంత నలిగి నిక్కి చూస్తున్నది.

కత్తులు మొద్దువారినయన్నడు నాయిన. ఇప్పి, కమ్మరాయన కాడ నూరిచ్చుకొచ్చిండు. బిగిచ్చి తోలితే మళ్ల గదే కథ. ఇంజన్ స్పీడ్ చాలుతలేదన్నడు సాంబయ్య. చిన్న గేర్ల ఏసి రేస్ పెంచిండు. అప్పుడు డీజిల్ గింత పిరం గాదు లే. ఆ మోతకు కొంగలు లేచిపోయినయి, మా బర్రె పగ్గం తెంపుకున్నది, గడ్డి మాత్రం ఉన్నకాడనే ఉన్నది. కత్తులు తిరిగే ఇరుసుకు గడ్డి చుట్టుకున్నదని అదంత పీకిండ్రు. మంచుకు తడిసిందేమోనని ఎండెక్కేదాక ఆగిండ్రు. ఇంకింత కిందికి దించి తోలితే రాళ్లు తగిలి నిప్పురవ్వలు లేచినయి. ఊహూఁ. నాయిన అన్నం గూడ తినలే. ఎవరన్న "ఏమైందే" అంటే కస్సున లేచేటోడు. నాకేమో లోపల్లోపల ఏడుపు. తెల్లారితే ఆదివారం.

నాయనమ్మ మంచంల పండుకొని అన్నీ ఇంటున్నది. "ఒసే పిల్లా, ఆ గడ్డి ఒక పిడికెడు పట్కరా" అన్నది. తెచ్చిచ్చిన. పోచ పోచ కండ్లకాడ పెట్టుకొని చూసింది. "ఇది తెగలేదే, దెబ్బలు తిన్నది. కొడవలి తిరగేసి కొడితే గిట్లనే పీలికలైతది. మీ నాయిన కత్తి ఎనక పక్కతోని బాదుతుండు" అన్నది.

ఒక్క ఉరుకు ఉరికిన. మిషన్ పైకి లేపిచ్చి చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. దసరకు పనిముట్లకు పూజ చేస్తం గద మనం? నాగలి, గొడ్డలి, ఆఖరికి కత్తిపీట గూడ కడిగి బొట్టు పెడతం. నాయిన భక్తితోని మిషన్ కత్తులు గూడ ఇప్పి దేవుని ముందట పెట్టిండు. అమ్మ మీదికి కనపడ్డ పక్కకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఏది మీది పక్కనో ఏది కింది పక్కనో ఆమెకేం ఎరుక? మళ్ల బిగిచ్చేటప్పుడు నాయిన, బొట్టు నేల దిక్కు చూడొద్దని బొట్టున్న పక్క మీదికి పెట్టిండు. ఆ కత్తికి ఒక అంచుకే పదునుంటది. తిరగేసి బిగిస్తే పదును ఎనక్కి పోతది, మొద్దు అంచు గడ్డికి తగులుతది. నూరిచ్చుకొచ్చినంక గూడ అమ్మ మళ్ల అదే పక్క బొట్లు పెట్టె, ఈయన మళ్ల గట్లనే బిగిచ్చె!

"తిరగెయ్యి నాయినా" అంటే, "అమ్మవారి బొట్టు మట్టిల పొర్లియ్యాల్నా? నాతోని కాదు" అని మొండికేసిండు. ఇగ నాయనమ్మ లోపల్నుంచి ఒక్క కేక ఏసింది. "ఓరి పిచ్చోడా! ఆ బొట్టు తడిగుడ్డతోని తుడిచి, కత్తి తిరగేసి, మీదికొచ్చిన పక్కకు కొత్తది పెట్టు. అమ్మవారు నీ లెక్క అలుగుతదారా?"

సాంబయ్య మీసం చాటున నవ్విండు. జరసేపటికి నాయిన గూడ నవ్విండు. బిగిచ్చి తోలితే, అబ్బ, సప్పుడే మారింది! సర్రుసర్రున తెగి పడుతున్నది. పచ్చిగడ్డి వాసన ఇంట్లకు కొట్టింది. పొద్దుగూకేసరికి తోటంత చాప పరిచినట్టు అయింది. తెల్లారి మామ వచ్చి, ఇస్త్రీ ప్యాంటుతోనే అటు ఇటు నడిచి, "ఇగ హాలెందుకు" అన్నడు. నాకు ఎగరబుద్ధైంది.

పెండ్లి రోజు నాయనమ్మను మంచంతోనే మెల్లగ మోసుకొచ్చి పందిరి కాడ దించిండ్రు. "బతికుండంగనే నలుగురు మోస్తుండ్రు సూడుండ్రి" అని ఆమెనే పకపక నవ్వింది. తాళి కట్టినంక అందరు అక్షింతలు ఏస్తుంటే ఆమె గూడ ఇసిరింది. చేతుల బలం ఏడిది? గడ్డిల పడ్డయి. మళ్ల ఇసిరింది, మళ్ల గడ్డిలనే. మీ తాత చూసిండు. చటుక్కున పీటల మీద నుంచి లేచిండు. పంతులు "బాబూ, లేవొద్దు" అంటుండు, మామ కండ్లెర్రజేస్తుండు. ఇంటడా? కొంగుముడి ఉండె గద, ఆయన లేస్తే నేను లేవాల్సిందే! పోయి ఇద్దరం మంచం పక్కన కూసొని ఆమె చేతి కింద తలకాయలు పెట్టినం. పిడికెడు అక్షింతలు మా నెత్తి మీద పోసి, చెయ్యి అట్లనే ఉంచింది. చానసేపు తియ్యలే.

అప్పటిదాక సిగ్గుకు ఆయన మొకం సక్కగ చూడనే లేదు బిడ్డా. అప్పుడు చూసిన, కడుపునిండ చూసిన.

చల్లగుండు తల్లీ. నీకు గూడ గసొంటోడే దొరకాలె, పంతులు వద్దన్నా లేచేటోడు.