బొమ్మ గీసి వెతికితే

నిన్నెవరు గీయమన్నారు వదినా ఆ బొమ్మ? నేనడిగానా? థీసిస్ ఇచ్చేముందు లైబ్రరీలో ఒకసారి చూపించమని మా సార్ అన్నారు కాబట్టి వచ్చాను. "నువ్వు చేసిన పదార్థం ఎక్కడా లేదు, కొత్తదే" అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది? లేదని చెప్పడానికి ఇంత కష్టపడే లైబ్రేరియన్ని నిన్నే చూశాను!

నవ్వకు. ఇక్కడ శబ్దం చెయ్యకూడదని బోర్డు పెట్టింది నువ్వే కదా.

నేను వెతకలేదా ఏమిటి? మామూలు సెర్చ్‌లో వెతికాను. వ్యాసాల డేటాబేస్‌లో వెతికాను. మందుల కంపెనీల పేటెంట్లుండే దాంట్లోనూ వెతికాను. పేరు కొట్టడం, సున్నా రావడం. ఆ సున్నా చూస్తే ఎంత హాయిగా ఉండేదో! ఈ పదార్థాన్ని చేసింది లోకంలో నేనొక్కదాన్నేనని అన్నయ్య ముందు కాలు మీద కాలేసుకుని మరీ కూర్చున్నాను.

ఏమన్నావూ? పేరుతో వెతికితే ఎలాగా? అవునులే, ఒకే పదార్థానికి ఒక్కో కాలంలో ఒక్కో పేరు పెట్టారు. మనిషి పేరు మార్చుకున్నా మొహం ఎక్కడికి పోతుంది? అందుకని అణువు ఆకారం గీసి వెతికే డేటాబేస్ తెరిచావు. మహా తెలివైనదానివి.

నాలుగు ఉంగరాలు గీశావు, చివర తోకలా ఒక నైట్రోజన్ తగిలించావు. మీట నొక్కావు. ఒక్కటంటే ఒక్క వ్యాసం వచ్చింది, నేను పుట్టకముందుది. ఎవడో మహానుభావుడు చేశాడు, నా ఖర్మ, అనుకుని పేరు చూద్దును కదా... మా సార్!

మా గైడు వదినా! కుర్రతనంలో తనే చేసి, శుభ్రంగా మర్చిపోయి, "ఎవరూ చెయ్యనిది చెయ్యమ్మా" అని నా చేత నాలుగేళ్లు చేయించారు! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అందులోనూ, తిరిగిన కాళ్లు నావి!

ఆయనకెవరు చెప్తారు? నువ్వే చెప్పు. నేను చెప్తే ఏడుస్తాను, లేదా నవ్వుతాను, రెండూ ప్రమాదమే. నాలుగేళ్లు వదినా! ఆ ద్రావకాల వాసన జుట్టులోంచి ఇంకా పోలేదు. నిజంగానే ఏడుపొస్తోంది.

ఎందుకలా చూస్తావు?

సరే, నీ దగ్గర దాపరికమేముంది. బొమ్మ గీసి వెతకాలని నాకు మొదటి ఏడాదే తెలుసు. మా బ్యాచ్‌కి క్లాసు చెప్పింది నువ్వే కదా, ముందు బెంచీలో కూర్చుని తల కూడా ఊపాను. తెలిసే దాని జోలికి పోలేదు. నేను వెతికింది దొరకడానికి కాదు వదినా, దొరక్కుండా ఉండడానికి.

అదిగో, మెట్ల మీద మా సార్ చెప్పుల చప్పుడు. స్క్రీన్ ఆర్పకు, ఉండనీ. తన పిల్లాణ్ణి తనైనా గుర్తుపడతారో లేదో చూద్దాం.