ఉప్పు తగ్గని తొట్టి

అరసవల్లిలో రంగుచేపల దుకాణం. కొత్తగా తెచ్చిన సముద్రపు చేపల్ని కొన్నాళ్లు విడిగా ఉంచే తొట్టి ముందు దుకాణదారు కూలబడి ఉన్నాడు. ఎండుచేపల గంప గుమ్మంలో దించి అతని అక్క లోపలికొచ్చింది.

"ఏటిరా, అలగున్నావు?"

"నాలుగు సేపల్లో మూడు పోనాయక్కా. ఇదీ రొప్పుతన్నాది."

"నీరేటి పోస్తన్నావు?"

"తొట్టిలో తగ్గినప్పుడల్లా కళింగపట్నం సముద్రం నీరే. మంచినీరు సుక్క తగలనివ్వలేదు. సముద్రం మీద బతికినోళ్ల ఇంట పుట్టినాను కదా!"

ఆమె తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, తూ అని ఊసింది.

"ఒరే, ఆవిరైపోనాది నీరు. ఉప్పు కూడా ఎగిరిపోతాదేటి? ఉన్న ఉప్పు మీద మళ్లీ ఉప్పునీరు పోసినావు! ఎన్నాళ్లబట్టి?"

"మూడు వారాలు."

"ఉప్పు కొలిసే మిషను కొన్నానన్నావు?"

"మొదటిరోజు సూసినాను, సరిగ్గానే ఉన్నాది. సముద్రానికి మళ్లీ పరీక్షేటని అటక మీద పెట్టేసినాను."

"తాగేనీళ్ల క్యాను పట్టుకురా."

"ఒకేసారి పొయ్యకూడదక్కా. కొంచెం కొంచెంగా రెండు మూడ్రోజులు పొయ్యాలి. ఆ సంగతి నాకు తెలుసు."

"అబ్బో! నీకు తెలిసింది అదొక్కటే."

"అక్కా, నీకన్నా పనోణ్ని నేనే. నువ్వు సచ్చిన సేపల్ని ఉప్పులో ఊరేస్తావు. నేను బతికున్నోటినే ఊరేసినాను."

"వాగుడాపి గ్లాసుతో పొయ్యి. ఇదొక్కటీ ఇంకా నిన్నే నమ్ముకున్నాది."

"దానికి నా సంగతి తెలీదక్కా."