ఎర్ర స్పాంజి

సముద్రం పక్కనే ఒక పరిశోధనశాల. బల్లకు అటు శాస్త్రవేత్త, ఇటు సముద్రంలో మునిగి, అడుగున రాళ్ళకు పెరిగే స్పాంజి జీవాలను కోసుకొచ్చే ఆవిడ. మధ్యలో ఒక కాగితం.

"నేను పెట్టను మేడం."

"పూర్తిగా చదివావా?"

"చదివాను. ఎక్కడో కోసి, మొదటిసారి కోసిన రాయి దగ్గరే కోశానని అబద్ధమాడానని రాశారు. సంతకం పెట్టను."

"చూడు, నువ్వు తెచ్చిన మొదటి బకెట్టు ఎర్ర స్పాంజి రసానికి గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాలు మూడు రోజుల్లో చచ్చాయి. తర్వాత నాలుగు బకెట్లు తెచ్చావు. ఒక్క కణం చావలేదు. నేనేమనుకోవాలి?"

"దొంగనని తప్ప ఏమైనా అనుకోండి."

"సాయంత్రం కమిటీ ఉంది. కారణం చూపించకపోతే ఈ పని మొత్తం మూసేస్తారు. నువ్వు సంతకం పెడితే వేరే మనిషిని పెట్టుకుని—"

"పెట్టుకోండి. ఆ రాయి ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు."

"బెదిరిస్తున్నావా?"

"ఉన్నమాట చెప్తున్నాను. మా చెల్లి ఈ జబ్బుతోనే మంచంలో ఉంది మేడం. మీ మందు తయారవడానికి పదేళ్ళు పడుతుందని మీరే చెప్పారు. దానికి అందదు. తెలిసీ మునుగుతున్నాను. నేను ఈ పనిలో మోసం చేస్తానా?"

"మరి అదే రాయి, అదే స్పాంజి అయితే ఎందుకు పనిచెయ్యట్లేదు?"

"చదువుకున్నది మీరు. నన్నడుగుతారేం?"

"సరే. మొదటిసారి ఎలా తెచ్చావో చెప్పు."

"చాకుతో సగం కోశాను. మిగతా సగం మళ్ళీ పెరగాలి కదా. సముద్రం నీళ్ళ బకెట్లో వేసి తిన్నగా తెచ్చి ఈ బల్ల మీదే పెట్టాను."

"తర్వాత?"

"తర్వాతా అంతే."

"అంతేనా?"

"అంతే. ఇంకా శ్రద్ధగానే తెచ్చాను. కుళాయి కింద పెట్టి, జిగురంతా పోయేదాకా పిసికి పిసికి... ఏంటి మేడం, అలా చూస్తున్నారు?"

"జిగురంతానా?"

"నీళ్ళు తేటగా వచ్చేదాకా. ఒక్కోదానికి గంట పట్టింది. నా చేతులు చూడండి, ఎలా ఒరుసుకుపోయాయో."

"ఆ జిగురులో కంటికి కనపడని క్రిములు కోట్లకొద్దీ కాపురముంటాయి. మందు తయారుచేసేది స్పాంజి కాదేమో. అవేనేమో. నాలుగు బకెట్ల మందు తూములో పోసేశావు. అసలు కడిగి తెమ్మని నీకెవరు చెప్పారు?"

"మీరే. మొదటి బకెట్టు దించగానే ముక్కు మూసుకుని, ఏంటీ కంపు, ఈసారి శుభ్రంగా కడిగి తే అన్నారు. ఆ కాగితం మీ వైపు తిప్పుకోండి మేడం. సంతకం మీరు పెడుదురుగాని."